గట్టు మీది ఊరు, కట్ట కింది ఊరు

నాయిన రిటైరయ్యి మూడేళ్ళు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బీపీ, ఆ మధ్య ఒకసారి గుండెదడ. లింగంపేట మండలంలో మా ఊరు. పెంకుటిల్లు. వానాకాలంలో మూడు చోట్ల బకెట్లు పెట్టుకుని పడుకోవాల్సిన ఇల్లు. హైదరాబాద్ వచ్చేయండి అని నేను పదేళ్ళుగా అంటున్నాను. "ఆ డబ్బాల మేముండం" అని నాయిన పదేళ్ళుగా అంటున్నాడు. డబ్బా అంటే నా ఫ్లాట్. చివరికి ఒక రాజీ కుదిరింది. హైదరాబాదూ వద్దు, ఊరూ వద్దు. దగ్గరి టౌన్‌లో ఇల్లు చూద్దాం.

ఏ టౌన్? మా ఊరి స్టేజీ దగ్గర నిలబడితే తూర్పుకి పోయేది కామారెడ్డి బస్సు, పడమటికి పోయేది ఎల్లారెడ్డి బస్సు. అక్క కామారెడ్డి అంది. నాయిన ఎల్లారెడ్డి అన్నాడు. అమ్మ "దవాఖాన యాడుంటే ఆడ" అంది. నేను, అలవాటు కొద్దీ, ఎక్సెల్ షీట్ తెరిచాను.

ఆసుపత్రి, రైలు, గజం ధర, తాగునీళ్ళు, చుట్టాలు, రోడ్డు చప్పుడు, ఇట్లా పన్నెండు వరసలు. ఒక్కోదానికి ఒక వెయిటేజీ. కామారెడ్డి గెలిచింది, అదీ చాలా తేడాతో. నాయిన ఫోన్‌లో అంతా ఓపిగ్గా విని, "ఇవన్నీ ఇయ్యాల్టి మాటలు గదరా. ఆ ఊరు అట్లెందుకైంది, ఈ ఊరు ఇట్లెందుకున్నది, అది రాసినవా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి సోషల్ చెప్పిన మనిషి. రాయలేదు. ఆ ఒక్క వరస నింపడం కోసం మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం.

రెండు పేటలు

పేర్ల దగ్గరే తికమక. సిరిసిల్ల జిల్లాలో ఎల్లారెడ్డిపేట అని ఇంకోటి ఉంది. హైదరాబాద్‌లో ఎల్లారెడ్డిగూడ ఉంది. కామారెడ్డి పక్కనే సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి అనే ఊరుంది. ఇంతమంది ఎల్లారెడ్లలో మా ఎల్లారెడ్డి, మెదక్ నుంచి బాన్సువాడ వైపు పోయే దారిలో ఉన్నది.

1908లో అచ్చయిన ఇంపీరియల్ గెజిటీర్‌లో రెండు ఊళ్ళ పేర్ల చివరా పేట ఉంటుంది: కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట. రెండూ నిజామాబాద్ జిల్లాలో తాలూకాలు. అంటే నూట ఇరవై ఏళ్ళ కింద, సర్కారు కాగితం మీద ఈ రెండూ సమానం. రెండిట్లోనూ తహసీల్దారు, రెండిట్లోనూ కచేరీ. ఇప్పుడు కామారెడ్డి మున్సిపాలిటీలో 49 వార్డులు, ఎల్లారెడ్డిలో 12. ఒకటి జిల్లా కేంద్రం, ఇంకోటి ఆ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్.

ఆ కామారెడ్డి, ఆ ఎల్లారెడ్డి ఎవరు? దోమకొండ సంస్థానం ఏలిన కామినేని వంశం వాళ్ళ పేర్ల మీదుగా ఈ ఊళ్ళు వెలిశాయని చెప్పుకుంటారు. కుతుబ్‌షాహీల కాలంలో ఆ వంశంలో ఒకాయన కవి కూడా. షట్చక్రవర్తి చరిత్రము రాసిన కామినేని మల్లారెడ్డి. సాహిత్య చరిత్రల్లో ఆయన పేరు చూసినవాళ్ళకి బిక్కనవోలు అనే ఊరి పేరు కూడా తగిలే ఉంటుంది. అది ఇప్పటి భిక్కనూరు, హైవే మీద కామారెడ్డికి ముందొచ్చే ఊరు. నేను కొన్ని వందల సార్లు ఆ స్టేజీ దాటాను, ఒక్కసారీ మల్లారెడ్డి గుర్తుకు రాలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ కాలంలో ఈ ప్రాంతంలో పెద్ద ఊరు కామారెడ్డీ కాదు, ఎల్లారెడ్డీ కాదు. దోమకొండ. కోట అక్కడ, గడి అక్కడ, గుడి అక్కడ. 1900లో ఎవడైనా నాలాంటివాడు ఎక్సెల్ షీట్ వేసి ఉంటే దోమకొండే గెలిచేది.

రైలు గీత

ఆ లెక్కని తారుమారు చేసింది రైలు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వాళ్ళు సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా ఆరు వందల కిలోమీటర్లకు పైగా మీటర్‌గేజ్ లైను వేశారు. హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే అనేవాళ్ళు దాన్ని. 1900 ప్రాంతంలో ఆ పట్టా మీద బళ్ళు నడవడం మొదలైంది. ఆ లైను దోమకొండ కోటని తూర్పున వదిలేసింది, మెదక్ కోటని పడమట వదిలేసింది. రెండిటి నడుమ నుంచి కామారెడ్డిపేటకి చేరింది.

ఇక అక్కణ్ణుంచి కథ తెలిసిందే. స్టేషన్ ఉన్నచోట గంజ్ వస్తుంది. చుట్టూ చెరుకు పండుతుంది కాబట్టి గంజ్‌లో బెల్లం దుకాణాలొస్తాయి. తెలంగాణలో బెల్లం అంటే కామారెడ్డి అనేంత పేరొస్తుంది. పట్టా పక్కనే రోడ్డు, ఆ రోడ్డు తర్వాత నేషనల్ హైవే 7, ఇప్పుడు 44. కాశీ నుంచి కన్యాకుమారి పోయేవాళ్ళు కూడా కామారెడ్డి మీదుగానే పోవాలి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు చేసినప్పుడు కామారెడ్డి జిల్లా కేంద్రమవడం ఎవరికీ ఆశ్చర్యం కలిగించలేదు. 2023లో సర్కారు మెడికల్ కాలేజీ. అమ్మ అడిగిన దవాఖాన వరస వెనక, చూడబోతే, ఆ మీటర్‌గేజ్ పట్టానే ఉంది.

రైలు తప్పిపోతే ఏమవుతుందో మెదక్‌ని చూస్తే తెలుస్తుంది. కోట ఉన్న ఊరు, 1924లో ప్రారంభమైన పెద్ద చర్చి ఉన్న ఊరు. పట్టా అక్కన్నపేట మీదుగా పోయింది, మెదక్‌కి పదిహేడు కిలోమీటర్ల దూరంలో. ఆ పదిహేడు కిలోమీటర్లు వేసి మెదక్‌లో రైలు కూత వినిపించింది 2022 సెప్టెంబర్‌లో. నూట ఇరవై ఏళ్ళు పట్టింది. ఎల్లారెడ్డికి ఇప్పటికీ రాలేదు. దోమకొండ మండల కేంద్రంగా మిగిలింది. దాని కోటని వారసులు బాగు చేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డు వచ్చింది. కోట ఉన్న ఊరికి అవార్డు, స్టేషన్ ఉన్న ఊరికి కలెక్టరేట్.

అక్కకి ఇదంతా చెప్తే, "అదే గదరా నేనన్నది. కామారెడ్డే" అంది.

కట్ట గీత

కానీ నాయిన ఎల్లారెడ్డి ఎందుకన్నాడు? ఆయనకి అక్కడ చుట్టాల్లేరు. అడిగితే, "ఆడ నీళ్ళ సప్పుడున్నది" అన్నాడు. ఆ మాట మొదట కవిత్వం అనుకున్నా. కాదు, భూగోళం.

వాగుల పటం ముందు పెట్టుకుంటే కామారెడ్డి ఒక గట్టు మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. దానికి తూర్పు పక్క పడ్డ వాన పాల్వంచ వాగులో చేరి, నర్మాల దగ్గర ఎగువ మానేరుకి పోతుంది. పడమటి పక్క పడ్డ వాన గుండారం వాగు, లింగంపేట వాగుల్లో కలిసి పోచారం దగ్గరికి, అక్కణ్ణుంచి మంజీరకి పోతుంది. రెండూ చివరికి గోదారే. మంజీర కందకుర్తి దగ్గర కలుస్తుంది, మానేరు చాలా దిగువన మంథని వైపు. ఒకే మబ్బు, గట్టుకి అటూ ఇటూ పడితే వంద కిలోమీటర్లకు పైగా ఎడం. రైలు వేసే ఇంజనీర్లకి ఎక్కడైనా గట్టునేలంటేనే ఇష్టం, వంతెనలు తగ్గుతాయి కాబట్టి. ఆనకట్ట వేసే ఇంజనీర్లకి లోయ కావాలి. ఈ రెండు ఊళ్ళ చరిత్రంతా ఆ రెండు రకాల ఇంజనీర్ల చరిత్రే అనిపిస్తుంది నాకు.

లోయ చూసుకున్న ఇంజనీర్లు 1916లో పని మొదలుపెట్టారు. ఆలేరు వాగుకి అడ్డంగా, ఇప్పటి నాగిరెడ్డిపేట మండలానికీ మెదక్‌కీ సరిహద్దులో, పోచారం కట్ట. 1922కి పూర్తయింది. నిల్వ 1.82 టీఎంసీలు, ఆయకట్టు పది వేల ఎకరాల పైచిలుకు. ఆ ఎకరాలు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లోవి. పక్కనున్న అడవి తర్వాత అభయారణ్యం అయింది. మేం స్కూల్ పిల్లలుగా పిక్నిక్‌కి పోయి జింకల్ని చూసింది అక్కడే.

పోచారం పూర్తయిన మరుసటి ఏడే, 1923లో, మంజీర మీద నిజాంసాగర్ మొదలైంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరు. 1931కి కట్ట లేచింది. కానీ నిజాంసాగర్ నీళ్ళు కిందికి, బాన్సువాడ, బోధన్ వైపు పారాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఎల్లారెడ్డి ఎగువన ఉండిపోయింది. దాని వాటాకి దక్కింది చిన్నన్న పోచారమే. అందుకే ఎల్లారెడ్డి బోధన్‌లా పెరగలేదు, అట్లాగని ఎండిపోనూ లేదు. వరి పండే ఊరిగా, సంత జరిగే ఊరిగా, దుబాయ్ పైసలతో మేడలు కట్టుకున్న ఊరిగా నెమ్మదిగా నడుస్తూ వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినప్పుడు తాలూకా హోదా కూడా పోయింది. 2016లో రెవెన్యూ డివిజన్, 2018లో మున్సిపాలిటీ. ఇప్పుడు మెదక్ మీదుగా వచ్చే జాతీయ రహదారి 765డీ దాని నడుమ నుంచి పోతుంది. రైలు ఇవ్వనిది ఆ రోడ్డు ఇస్తుందేమో చూడాలి.

రెండు ఊళ్ళ నడుమ, మా మండల కేంద్రం లింగంపేటలో, నాగన్న బావి ఉంది. అంతస్తులు అంతస్తులుగా కిందికి మెట్లు దిగే రాతి బావి. జక్సాని నాగన్న కరువులో కట్టించాడని చెప్పుకుంటారు. నా చిన్నప్పుడు అందులో ముళ్ళకంపలు, చెత్త. ఈ మధ్యే శుభ్రం చేసి బాగు చేశారు. రైలుకీ కట్టకీ ముందు, ఇక్కడ ఊరు నిలబెట్టే పని ఇట్లాంటి బావులూ చెరువులూ చేశాయి. ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో చూసి ఇల్లు కట్టుకోవడం, ఎటు పారతాయో చూసి కట్టుకోకపోవడం. మా తాతల ఎక్సెల్ షీట్‌లో ఉన్నది ఆ రెండు వరసలే.

వినాయక చవితి

2025 ఆగస్టు 27, వినాయక చవితి. ఆ రోజు కామారెడ్డి జిల్లా మీద కురిసిన వాన గురించి చాలామంది టీవీలో చూసే ఉంటారు. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. మొత్తం వానాకాలంలో పడాల్సిన దాంట్లో పెద్ద భాగం ఒక్క పండగ పూట పడింది.

గట్టు మీద పడిన ఆ వాన అటూ ఇటూ దిగింది. అటు, భిక్కనూరు దగ్గర రైలు పట్టా కింద మట్టి కొట్టుకుపోయి పట్టా గాల్లో వేలాడింది. బళ్ళు రద్దయ్యాయి. హైవే మీద లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచాయి. నూట పాతికేళ్ళుగా ఊరిని పెంచిన పట్టా, రోడ్డు, రెండూ ఒకేసారి ఆగాయి. కామారెడ్డి టౌన్‌లో జీఆర్ కాలనీలోకి నీళ్ళొచ్చాయి, ఇళ్ళ ముందు పెట్టిన కార్లు తేలుతూ పోయాయి, జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. నా షీట్‌లో నేను గజం ధరతో సహా "బాగుంది" అని రాసుకున్న రెండు మూడు వెంచర్లు కూడా ఆ పల్లపు నేలలోనివే.

ఇటు, నీళ్ళన్నీ పోచారం మీద పడ్డాయి. నూట మూడేళ్ళ కట్ట. నీళ్ళు మత్తడి మీద నుంచే కాక కట్ట మీద నుంచి కూడా దూకుతున్నాయని, ఒక పక్క కోత పడిందని, కింది ఊళ్ళని హెచ్చరిస్తున్నారని ఆ రాత్రి వార్త. మా నాయిన ఫోన్‌లో ఒకటే మాట: "కట్ట ఉంటదారా?" మేం చిన్నప్పుడు పిక్నిక్‌కి పోయిన కట్ట. నేను హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో కూర్చుని, ఫోన్‌లో వీడియో ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఏం చెప్పను?

కట్ట నిలిచింది.

అయినా దీన్ని పాతవాళ్ళు గొప్ప, కొత్తవాళ్ళు వెధవలు అనే కథగా చెప్పాలనిపించడం లేదు. ఎల్లారెడ్డి వైపు కూడా పొలాలు ఇసుక మేట వేశాయి. లింగంపేట మండలంలో లింగంపల్లి ఖుర్దు దగ్గర వంతెన దెబ్బతిన్నది. కొన్ని రోజుల పాటు మా ఊరి స్టేజీ దగ్గర కామారెడ్డి బస్సు రాలేదు, ఎల్లారెడ్డి బస్సూ రాలేదు. ఏ ఊరు మంచిదని వాదించుకున్న మాకు ఏ ఊరికీ దారి లేదు. పోచారం నిలవడంలో కట్టినవాళ్ళ పనితనం ఉంది, కొంత అదృష్టమూ ఉంది. కానీ ఒక తేడా మాత్రం ఉంది. కట్ట గీసినవాళ్ళు నీళ్ళు ఎటు పోతాయన్న ప్రశ్నతోనే మొదలుపెట్టారు. ప్లాట్లు గీసేవాళ్ళు ఆ ప్రశ్నని చివరికి కూడా అడగరు.

ఇంకో గీత

కామారెడ్డి మీద ఈ మధ్య ఇంకో గీత గీశారు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా. అందులో చుట్టుపక్కల ఊళ్ళ పొలాల మీద ఇండస్ట్రియల్ జోన్ రంగు వేశారు, రోడ్లు గీశారు. 2023 జనవరిలో అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. భూమి పోతుందన్న బెంగతోనే అని ఊరు చెప్పింది. రైతులు కలెక్టరేట్ ముట్టడించారు. అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా రద్దుకి తీర్మానం చేసింది. ఆ ఆందోళనలో ముందున్న కాటిపల్లి వెంకటరమణారెడ్డి అదే ఏడాది డిసెంబర్‌లో ఎమ్మెల్యే అయ్యాడు. ఓడిపోయింది అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి. దేశమంతా ఆ ఫలితం గురించి మాట్లాడింది. కొన్ని వారాలకి, 2024 జనవరిలో, ఆయన రోడ్డు వెడల్పు కోసం టౌన్‌లో తన సొంత ఇంటినే కూల్చేయించాడు.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. పెరిగే ఊళ్ళో ఇల్లు కొనడమంటే ఇల్లొక్కటే కొనడం కాదు. ఆ ఊరి మీద ఇంకా గియ్యని గీతల కింద కూర్చోవడం. 1900లో దోమకొండవాళ్ళని ఎవరూ అడగలేదు, మెదక్‌వాళ్ళనీ అడగలేదు. 1923 తర్వాత నిజాంసాగర్ కింద మునిగిన ఊళ్ళవాళ్ళని కూడా అడగలేదు. 2023లో అడగకపోతే జనం కలెక్టరేట్ గేటు దాకా వచ్చారు. నూరేళ్ళలో మారింది అదే, అది చిన్న మార్పు కాదు.

పదమూడో వరస

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నాయినకి ల్యాప్‌టాప్ చూపించాను. ఇప్పుడు షీట్‌లో పదమూడు వరసలు. చివరిదాని పేరు "నీళ్ళు". రెండు ఊళ్ళకీ ఆ గడి ఖాళీగానే ఉంది, ఎందుకంటే దానికి ఊరి మొత్తానికి ఒక మార్కు వేయడం కుదరదు. గట్టు మీది ఊళ్ళో పల్లం వాడ ఉంటుంది, కట్ట కింది ఊళ్ళో మెరక వాడ ఉంటుంది. అడగాల్సింది ఏ ఊరు అని కాదు, ఆ ఊళ్ళో ఏ వాడ అని. ఇంత చదివి నేను తేల్చింది ఇదీ అని కొంచెం సిగ్గుపడుతూనే చెప్పాను.

"అది నాకెర్కే" అన్నాడు నాయిన. "నీకు ఎర్క గావాలనే అడిగిన."

తర్వాత రెండు రోజులు ఆయనా నేనూ కామారెడ్డి అంతా బైకు మీద తిరిగాం. ఇల్లు చూపించడానికి వచ్చిన ప్రతి మధ్యవర్తినీ నాయిన ఒకటే అడిగాడు: "మొన్న చవితి నాడు నీళ్ళు యాడిదాంక అచ్చినయ్?" ఒకతను "ఈడికి రాలే సార్" అన్నాడు. పక్కింటి ప్రహరీ మీద నడుము ఎత్తున బురద గీత ఇంకా ఉంది. నాయిన దాన్ని వేలితో తాకి, ఏం మాట్లాడకుండా బైకెక్కాడు.

చివరికి మేం ఏమీ కొనలేదు. స్టేషన్‌కి అంత దూరం కాని ఒక పాత వీధిలో, మెరక మీద, రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. అమ్మకి ఆసుపత్రి దగ్గర. రాత్రి అజంతా పోయే చప్పుడు వినిపిస్తుంది. నాకు అది ఇష్టం, నాయినకి చిరాకు. ఊళ్ళో పొలం, పెంకుటిల్లు అట్లనే ఉన్నాయి. "ఒక వానకాలం జూసి కొందాం" అని ఆయన షరతు. అక్క గెలిచానంటోంది. నాయిన మాత్రం బస్సెక్కి నెలకోసారి నాగిరెడ్డిపేట వైపు పోయొస్తున్నాడట. ఏం పని అని అమ్మని అడిగితే, "ఏముంటది, కట్ట జూసొస్తడు" అంది.